జీపీఎస్ కాలర్ ఉండగా కొండ సింహం జాడ వెంట నడవడం ఎందుకు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేశారు, అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో కొండ సింహాలపై క్షేత్ర పరిశోధన చేసే బృందంలో చేరాలనుకుంటున్నారు. జంతువు ఎక్కడ ఉన్నదో దాని మెడలోని కాలర్ ఉపగ్రహం ద్వారా నేరుగా కంప్యూటరుకే పంపిస్తున్నప్పుడు మనుషులు మంచులో రోజుల తరబడి నడవడం దేనికి, అలా నడిస్తే జంతువు కనిపిస్తుందా అన్నవి మీ రెండు సందేహాలు.

రెండింటికీ ముందే జవాబు ఇస్తాను. కాలర్ చెప్పేది చోటు, వేళ మాత్రమే. అక్కడ ఏం జరిగిందో అది చెప్పదు. ఆ సంగతి తెలియాలంటే జంతువు వెళ్ళిపోయిన తరువాత ఎవరో ఒకరు కాలినడకన అక్కడికి చేరి, నేలను వెతికి, దొరికినదాన్ని కోసి, కొలిచి, రాసుకుని రావాలి. ఇక జంతువు కనిపించడం అంటారా, పట్టి కాలర్ వేసే రోజులను మినహాయిస్తే ఏడాదికి ఒకటి రెండుసార్లు కనిపించడమే ఎక్కువ. అంతకంటే తరచుగా కనిపిస్తున్నదంటే మన పని తీరులో ఎక్కడో పొరపాటు ఉన్నదని అనుమానించాలి. ఎందుకో కింద వివరిస్తాను.

నేను మార్కాపురం వైపు, నల్లమల అంచున పెరిగాను. పదకొండు చలికాలాలు, వాటిలో మొదటి రెండు ఐడహోలోను, మిగిలినవి కొలరాడో పశ్చిమ భాగంలోను, ఈ జంతువుల జాడ తీసే పనిలో ఉన్నాను. కనుక ఇక్కడ రాసేది ప్రధానంగా మంచు పడే కొండ ప్రాంతాల పద్ధతి. ఎడారిలోనో, ఫ్లోరిడా చిత్తడి నేలలలోనో పనిచేసేవారి అనుభవం కొంత వేరుగా ఉంటుంది.

పేరు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. కొండ సింహం, ప్యూమా, కౌగర్, ఫ్లోరిడాలో పాంథర్, ఇవన్నీ ఒకే జంతువు పేర్లు. సింహం అన్న మాట రంగును చూసి పెట్టినదే తప్ప చుట్టరికాన్ని చూసి పెట్టినది కాదు. ఇది గర్జించలేదు, పెంపుడు పిల్లిలా గురగురమంటుంది. బంధుత్వంలో సింహానికంటే చీతాకే దగ్గర. కెనడాలోని యూకాన్ నుంచి దక్షిణ చిలీ వరకు విస్తరించి ఉన్నది. ఎదిగిన ఆడది సుమారు 35 నుంచి 50 కిలోలు, మగది 55 నుంచి 70 కిలోల వరకు తూగుతుంది. అంటే మన చిరుతపులి పరిమాణమే అనుకోవచ్చు. బృందంలో అందరూ దీన్ని 'లయన్' అనే పిలుస్తారు కనుక నేను కూడా ఇకపై సింహం అనే రాస్తాను.

కాలర్లు లేని రోజుల నుంచి మొదలుపెడితే మీ ప్రశ్నకు జవాబు తేలికగా అర్థమవుతుంది. జీవశాస్త్రవేత్త మారిస్ హార్నాకర్ 1964లో ఐడహో మధ్యభాగపు అరణ్యంలో తన అధ్యయనం ప్రారంభించినప్పుడు ఆయనకు ఉన్న సాధనాలు మంచు, జాగిలాలు, విల్బర్ వైల్స్ అనే అనుభవజ్ఞుడైన వేటగాడు. మంచులో జాడ పట్టి, జాగిలాలతో తరిమి సింహాన్ని చెట్టెక్కించి, మత్తు ఇచ్చి, గుర్తు వేసి వదిలేవారు. తరువాతి చలికాలాలలో మళ్ళీ అవే జంతువులు ఎక్కడ దొరుకుతున్నాయో రాసుకునేవారు. కొలరాడోలో 1965 వరకు సింహాన్ని చంపినవారికి ప్రభుత్వమే డబ్బు ఇచ్చేదంటే ఆ కాలంలో దీనిపై ఎలాంటి అభిప్రాయం ఉండేదో ఊహించుకోవచ్చు. జింకలను, పెద్ద జింకల జాతి అయిన ఎల్క్‌లను సింహాలు తినేసి ఖాళీ చేస్తాయన్న నమ్మకాన్ని ఆ అధ్యయనం దెబ్బతీసింది. ఎదిగిన సింహాలు తమ తమ ఇలాకాలను పట్టుకుని ఉండడం వల్ల వాటి సంఖ్య పెరగకుండా నిలకడగా ఉన్నదని, అదే కాలంలో జింకలు, ఎల్క్‌లు పెరిగాయని తేలింది. ఈ సంగతులన్నీ బూట్లతో నడిచి సంపాదించినవి.

తరువాత వీహెచ్ఎఫ్ రేడియో కాలర్లు వచ్చాయి. చేతిలో యాంటెన్నా పట్టుకుని గుట్టలెక్కో, చిన్న విమానంలో తిరుగుతూనో 'టిక్ టిక్' శబ్దాన్ని వెతుక్కునేవారు. వారానికి ఒకటి రెండు స్థానాలు దొరికితే సంతోషించేవారు. ఇప్పుడు జీపీఎస్ కాలర్ మూడు గంటలకు ఒకసారి చొప్పున రోజుకు ఎనిమిది స్థానాలు ఇస్తుంది. చోటు వెతకడానికి పట్టే శ్రమ దాదాపు పోయింది, నిజమే. మిగిలిన ఆ శ్రమనంతా ఇప్పుడు చోట్లకు వెళ్ళి చూడడానికి ఖర్చు పెడుతున్నాము.

మా పనిలో పెద్ద భాగం క్లస్టర్ల తనిఖీ. సింహం పెద్ద జంతువును చంపితే దాన్ని ఒక్క పూటలో తినలేదు. రెండు రోజులో, నాలుగు రోజులో దాని చుట్టుపక్కలే ఉండి, పగలు కాస్త ఎడంగా పడుకుని, రాత్రి వచ్చి తింటుంది. అప్పుడు కాలర్ స్థానాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. తెర మీద చూస్తే జొన్నగింజలు ఒలకబోసినట్టు ఒక కుప్ప కనిపిస్తుంది. సుమారు 200 మీటర్ల లోపల ఇలా స్థానాలు పోగుపడితే దాన్ని క్లస్టర్ అంటాము. ఆ కుప్ప వేటాడిన చోటు కావచ్చు, పడక కావచ్చు, కూనలను దాచిన చోటు కావచ్చు, మగ ఆడ జంట కలిసి గడిపిన చోటు కావచ్చు, సింహం గాయపడి కదలలేక పడి ఉన్న చోటు కూడా కావచ్చు. తెర మీద ఇవన్నీ ఒక్కలాగే ఉంటాయి.

ఒక ఫిబ్రవరి నాటి తనిఖీని వివరంగా చెబుతాను. ఒక ఆడ సింహం నుంచి రెండు రాత్రులు, రెండు పగళ్ళు ఒకే వాలులో పద్నాలుగు స్థానాలు వచ్చాయి. మూడో రోజు అది నాలుగు కిలోమీటర్ల అవతల మరో లోయలోకి దిగిపోయింది. మరునాడు నేను, నాతోటి సాంకేతిక సహాయకురాలు మంచు మీద నడిచే చట్రాలు బూట్లకు కట్టుకుని రెండు గంటలు ఎక్కాము. అక్కడికి చేరువయ్యామని మొదట చెప్పినవి కాకులు. తరువాత మంచు మీద మనిషి వీపంత వెడల్పున ఈడ్చుకుపోయిన చార కనిపించింది. చార పక్కన బూడిద రంగు వెంట్రుకలు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా పడి ఉన్నాయి. సింహం తినబోయే ముందు కళేబరం పక్క భాగంలో వెంట్రుకలను పళ్ళతో పీకి పారేస్తుంది, మన ఇళ్ళలో కోడికి ఈకలు పీకినట్టే. చార చివర జూనిపర్ చెట్టు కింద మంచును, రాలిన ఆకును, పుల్లలను గోకి పోగుచేసిన దిబ్బ ఉన్నది. దానిలోంచి ఒక గిట్ట బయటికి చాచి ఉన్నది.

అక్కడ చేతి తొడుగులు వేసుకుని చేసే పని కసాయి పనికీ పోలీసు పంచనామాకూ మధ్యలో ఉంటుంది. ముందు మెడ చర్మం ఒలిచి చూడాలి. కోరలు దిగిన రంధ్రాల చుట్టూ చర్మం కింద రక్తం గడ్డకట్టి ఊదారంగు కమిలిన మచ్చ ఉంటే, కాటు పడినప్పుడు జింక బతికే ఉన్నదని అర్థం. మచ్చ లేకుండా రంధ్రాలు మాత్రమే ఉంటే అది వేరే కారణంతో చచ్చిన జింకను సింహం తరువాత తిన్నదని అనుకోవాలి. ఈ ఒక్క తేడా రాసుకోకపోతే మన లెక్కలో సింహం చంపని జింకలు కూడా దాని ఖాతాలో పడతాయి. తరువాత తిన్న తీరు చూస్తాము. సింహం సాధారణంగా పక్కటెముకల దగ్గర తెరిచి, కాలేయం, గుండె, ఊపిరితిత్తులు ముందు తింటుంది. నెమరు సంచిని చెదరకుండా బయటికి లాగి పక్కన పెడుతుంది. నక్కను పోలిన కొయోట్లు తిన్న కళేబరం చెల్లాచెదురుగా ఉంటుంది, ఎముకలు కూడా తలో దిక్కుకు పోతాయి.

ఆ రోజు జింక తొడ ఎముకను రాయి మీద పగలగొట్టి మూలుగ చూశాను. బలంగా ఉన్న జంతువు మూలుగ గట్టిపడిన నెయ్యిలా తెల్లగా, బిరుసుగా ఉంటుంది. దీని మూలుగ ఎర్రటి జెల్లీలా వేలికి జారిపోయింది. ఒంట్లో కొవ్వు చివరి బొట్టు వరకు కరిగిపోయిన జింక అది. ముందు పన్ను ఒకటి తీసి సంచిలో వేశాము, దాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో వలయాలు లెక్కబెడితే వయసు తెలుస్తుంది. గొంతు వెనుక లింఫు గ్రంథులను కోసి పరీక్షకు పంపాము. కొన్ని వారాల తరువాత ఫలితం వచ్చింది: ఆ జింకకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, అంటే మెదడును తినేసి జంతువును క్రమంగా చిక్కిపోయేలా చేసే ప్రయాన్ వ్యాధి, ఉన్నది. కొలరాడోలో సింహాలు చంపిన ఎదిగిన మ్యూల్ జింకలలో ఈ వ్యాధి ఉన్నవి, అదే ప్రాంతంలో వేటగాళ్ళు కాల్చిన వాటిలో కంటే ఎక్కువ పాలు ఉన్నాయని 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపించింది. ఏ ఉపగ్రహమూ ఈ సంగతి చెప్పలేదు. ఎవరో వెళ్ళి గ్రంథులు కోసి తెచ్చారు కనుక తెలిసింది.

ఈ తనిఖీలకు ఒక పరిమితి ఉన్నది, దాన్ని దాచడం సరికాదు. కుందేలునో, రకూన్‌నో చంపితే సింహం అరగంటలో తినేసి వెళ్ళిపోతుంది. మూడు గంటలకు ఒక స్థానం ఇచ్చే కాలర్‌లో దాని ఆనవాలే ఉండదు. అందువల్ల క్లస్టర్లను మాత్రమే నమ్మి ఆహారం లెక్క వేస్తే జింకలు ఎక్కువగా, చిన్న జంతువులు తక్కువగా కనిపిస్తాయి. మలం సేకరించి అందులోని వెంట్రుకలను పరీక్షించే పాత పద్ధతిని ఇప్పటికీ వదలకపోవడానికి కారణం ఇదే. అలాగే ఏమీ దొరకని తనిఖీలను కూడా అంతే శ్రద్ధగా రాయాలి. నాలుగు గంటలు నడిచి, బండ కింద నలిగిన గడ్డి, అందులో రెండు లేత వెంట్రుకలు మాత్రమే చూసి తిరిగి వచ్చే రోజులే ఎక్కువ. కొత్తవారు అలాంటి రోజున 'ఏమీ లేదు' అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. ఎన్ని నిమిషాలు, ఎంత మేర వెతికారో రాయకపోతే ఆ 'ఏమీ లేదు' అన్న మాటకు విలువ లేదు.

మీరు అడగకపోయినా అడగదగిన ప్రశ్న ఒకటి ఉన్నది: కాలర్లు ఇంకా తెలివైనవి అయితే ఈ నడక తప్పుతుందా? కొంతవరకు తప్పవచ్చు. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ బృందం కదలికలను క్షణక్షణం కొలిచే పరికరాన్ని కాలర్‌లో అమర్చి, పెంపకంలో ఉన్న ప్యూమాలను ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఏ కదలికకు ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కగట్టింది. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. సింహం దూకిన క్షణాన్ని కూడా ఆ గీతలలో ఆనవాలు పట్టవచ్చు. అయినా దూకినది దేని మీదికి, దాని మూలుగ ఏ రంగులో ఉన్నది అన్నవి గీతలలో ఉండవు.

పాతకాలపు నమ్మకాలను తలకిందులు చేసిన మరో ఉదాహరణ ఉన్నది. సింహాలు ఒంటరి జంతువులని, ఎదురుపడితే కొట్లాట తప్పదని చాలాకాలం అనుకున్నారు. వయోమింగ్‌లోని టీటన్ ప్రాంతంలో పరిశోధకులు తాజా కళేబరాల దగ్గర వీడియో కెమెరాలు పెట్టి చూస్తే, ఒకటి చంపిన జంతువును మరొకటి వచ్చి పంచుకోవడం, అలా తినిపించినదానికి తరువాత తిరిగి వాటా దొరకడం కనిపించింది. మార్క్ ఎల్‌బ్రోక్ బృందం దీన్ని 2017లో ప్రచురించింది. ఆ కెమెరాలు చెట్టుకు కట్టడానికి ముందు కళేబరం ఎక్కడున్నదో నడిచి వెతికినవారు ఉన్నారన్నది మరువకూడదు.

జంతువు కనిపించడం మంచిది కాదని ఎందుకన్నానో నా తప్పుతోనే చెబుతాను. మూడో చలికాలంలో, క్లస్టర్ ముగిసిందని తొందరపడి ఒక ఆడ సింహం వేట దగ్గరికి వెళ్ళాను. చివరి స్థానం కిలోమీటరు దూరంలో ఉన్నదని తెర మీద చూశాను కానీ, నిటారు లోయలలో ఉపగ్రహానికి అందక ఆ సమాచారం తొమ్మిది గంటలు ఆలస్యంగా వచ్చినదని గమనించలేదు. అది ఈలోగా తిరిగి వచ్చి తింటున్నది. చెట్ల మధ్య గోధుమ రంగు మెరుపు ఒకటి కనిపించి మాయమైంది. పడుకున్న చోట మంచు కరిగి ఇంకా తడిగా ఉన్నది, దిబ్బ పక్క పాదముద్రలు దూకుళ్ళతో వాలు కిందికి పోయాయి. సగం కూడా తినని ఆ జింక దగ్గరికి అది మళ్ళీ రాలేదు. మాంసం కొయోట్ల పాలైంది, నాలుగో రోజున సింహం మరో జింకను చంపింది. ఒక జింక ప్రాణం, ఆ సింహం నాలుగు రోజుల తిండి నా తొందరపాటు ఖాతాలో పడ్డాయి. సింహం ఎన్ని రోజులకు ఒక జింకను చంపుతుందన్న మా లెక్క కూడా ఆ మేరకు చెడింది.

ఇది నా ఒక్కడి భయం కాదు. శాంటా క్రూజ్ కొండలలో 2017లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, సింహాలు తింటున్న కళేబరాల దగ్గర మనుషుల మాటలు రికార్డు చేసి వినిపించారు. పోల్చిచూడడానికి కప్పల అరుపులు కూడా వినిపించారు. కప్పలను అవి పట్టించుకోలేదు. మనిషి గొంతు వినగానే చాలావరకు పారిపోయాయి, ఆ కళేబరం దగ్గర తినే సమయం మొత్తం మీద సగానికి పైగా తగ్గిపోయింది. అప్పటి నుంచి మా బృందంలో నియమం ఏమిటంటే, సింహం చోటు వదిలి కనీసం ఒక పగలు ఒక రాత్రి గడవాలి. బయలుదేరే ముందు గుట్ట మీద నిలబడి, జీపీఎస్ కాలర్‌లోనే అమర్చి ఉండే వీహెచ్ఎఫ్ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవితో విని నిర్ధారించుకోవాలి. యాభై ఏళ్ళ నాటి ఆ 'టిక్ టిక్' ఇప్పటికీ ఉపగ్రహం కంటే తాజా కబురు చెబుతుంది.

ఇక పట్టి కాలర్ వేయడం గురించి. మంచు ఉన్నచోట జాగిలాలు, మంచు లేనిచోట పంజరపు బోనులు లేదా కాలి ఉచ్చులు వాడతారు. కెనెత్ లోగన్, లిండా స్వీనర్ న్యూ మెక్సికోలోని శాన్ ఆండ్రెస్ కొండలలో 1985 నుంచి 1995 వరకు చేసిన పదేళ్ళ అధ్యయనం ఎడారిలో జరిగినది కనుక అక్కడ కాలి ఉచ్చులే ఆధారం. మేము జాగిలాల యజమానులతో కలిసి తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, రాత్రి పడిన కొత్త మంచులో దారుల వెంట జాడ వెతుకుతాము. పాదముద్రలో గోళ్ళ గుర్తు ఉండదు. మడమ మెత్తకు వెనుక అంచున మూడు గుండ్రటి మడతలు ఉంటాయి. కుక్క అడుగు కంటే గుండ్రంగా, కొంచెం ఒక పక్కకు వాలినట్టు ఉంటుంది. పక్కన చిన్న పాదముద్రలు కనిపిస్తే ఆ రోజు పని మానుకుంటాము, కూనలున్న తల్లిని జాగిలాలతో తరమకూడదు.

చెట్టెక్కిన సింహానికి మత్తు సూది వేయాలా వద్దా అన్న నిర్ణయమే ఆ రోజుకంతటికీ కష్టమైనది. మొదటి ఏడాది ఒక పెద్ద మగది పాండరోసా పైన్ చెట్టు చిటారుకు ఎక్కింది. అయిదు రోజులు వెతికి పట్టిన జాడ అది. మా నాయకుడు అయిదు నిమిషాలు తల ఎత్తి చూసి, "మత్తులో అక్కడి నుంచి పడితే నడుము విరుగుతుంది, పదండి" అని జాగిలాలకు తాడు కట్టించి వెనక్కి తిప్పాడు. నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది. తరువాత అదే నిర్ణయం నేను మూడుసార్లు తీసుకున్నాను.

మత్తు ఎక్కాక గడియారంతో పోటీ. కెటమీన్‌తో మెడెటోమిడీన్ వంటి మందును కలిపి ఇస్తాము. కళ్ళు తెరుచుకునే ఉంటాయి కనుక ఎండిపోకుండా లేపనం రాసి, ముఖానికి గుడ్డ కడతాము. అయిదేసి నిమిషాలకు ఉష్ణోగ్రత, ఊపిరి, నాడి చూసి ఒకరు గట్టిగా చదువుతుంటే మరొకరు రాస్తారు. తరిమినప్పటి వేడితో ఉష్ణోగ్రత పెరిగితే తొడల మధ్య మంచు పెట్టాలి, పడిపోతే దుప్పటి కప్పాలి. కోరల దగ్గర చిగురు ఎంత వెనక్కి పోయిందో కొలిచి వయసు అంచనా వేస్తాము. రక్తం, వెంట్రుకలు, చెవి నుంచి చిన్న ముక్క తీస్తాము. కాలర్ బిగింపు చూడడానికి మెడకూ పట్టీకీ మధ్య వేళ్ళు దూర్చుతాము. తరువాత విరుగుడు మందు వేసి దూరంగా జరుగుతాము. గంట లోపే అంతా అయిపోతుంది. కొత్తవారికి ఆ గంటలో గుర్తుండిపోయేది సాధారణంగా పంజా బరువు. అరచేతిలోకి తీసుకుంటే నిద్రపోతున్న పసిపిల్లవాడి తలంత బరువుగా ఉంటుంది.

రక్తం ఎందుకంటే, లాస్ ఏంజెలెస్ నగరం నడిబొడ్డున గ్రిఫిత్ పార్కులో పదేళ్ళకు పైగా బతికిన పి-22 అనే మగ సింహం కథ వినే ఉంటారు. అది ఎక్కడ తిరుగుతున్నదో కాలర్ చెబుతూనే ఉన్నది. 2014లో దాన్ని పట్టి చూస్తే ఒంటినిండా గజ్జి, రక్తంలో ఎలుకల మందు అవశేషాలు ఉన్నాయి. కాలర్ గీసిన పటంలో ఆ విషం జాడే లేదు.

పరికరాల గురించి ఒక ఫిర్యాదు కూడా రాస్తాను. కాలర్లకు నిర్ణీత గడువు తీరాక దానంతట అదే ఊడిపడే ఏర్పాటు ఉంటుంది. ఒక ఏడాది మేము కొన్న ఒక జట్టు కాలర్లలో ఆ ఏర్పాటు పనిచేయలేదు. తయారీదారుకు రాస్తే బ్యాటరీని నిందిస్తూ జవాబు వచ్చింది. వాటిలో ఒకటి ఇంకా మెడ పెరుగుతున్న కుర్ర మగదానికి వేసినది. దాన్ని మళ్ళీ పట్టడానికి ఒక నెల పట్టింది, పట్టేసరికి పట్టీ కింద వెంట్రుకలు అరిగి చర్మం ఎర్రబడి ఉన్నది. అప్పటి నుంచి, ఎదుగుతున్న మగవాటి కాలర్లో కొంతకాలానికి చివికి తెగిపోయే నూలు పట్టీ ముక్కను కూడా కలిపి కుట్టిస్తున్నాము.

లెక్క గురించి నల్లమలతో పోల్చి చెబితే మీకు త్వరగా అర్థమవుతుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో కెమెరా ముందు పులి నడిస్తే దాని చారలను, చిరుత నడిస్తే దాని మచ్చలను బట్టి అది ఏ జంతువో గుర్తిస్తారు. అందువల్ల ఎన్ని ఉన్నాయో లెక్కవేయడానికి దారి దొరుకుతుంది. కొండ సింహానికి చారలూ లేవు, మచ్చలూ లేవు. కెమెరాలో పదిసార్లు కనిపించినది ఒకటేనా, పదా అన్నది చెప్పడం చాలా కష్టం. చెవి బిళ్ళలు, కాలర్లు, చెవి చిరుగులు కొంత సాయం చేస్తాయి. మిగిలినదానికి డీఎన్ఏయే దిక్కు: మంచు జాడ వెంట నడుస్తూ ఏరిన వెంట్రుకలు, మలం.

ఈ ఏరుడు పనికి ఎంత బలం ఉన్నదో 2011 జూన్‌లో తెలిసింది. కొండ సింహాల స్థిర నివాసం లేని ఈశాన్య అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని మిల్ఫర్డ్ దగ్గర రోడ్డు మీద ఒక మగ సింహం కారు కింద పడి చనిపోయింది. డీఎన్ఏ పరీక్షిస్తే అది దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ మూలానికి చెందినదని, అంతకు ముందు మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలలో ఎవరో సేకరించిన నమూనాలు కూడా దానివేనని తేలింది. దాని మెడలో ఏ కాలరూ లేదు. సుమారు 2,400 కిలోమీటర్ల ఆ ప్రయాణం దారిలో మనుషులు ఏరి దాచిన వెంట్రుకలు, మలంతోనే బయటపడింది.

కూనల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. గర్భం మూడు నెలలు. సాధారణంగా రెండు మూడు కూనలు పుడతాయి. తల్లి స్థానాలు పదే పదే ఒకే బండల మధ్యకు తిరిగి వస్తుంటే అక్కడ కూనలు ఉన్నాయని ఊహించి, అవి నాలుగైదు వారాల వయసుకు వచ్చాక, తల్లి వేటకు దూరంగా వెళ్ళినదని వీహెచ్ఎఫ్‌తో నిర్ధారించుకుని, అరగంటలో పని ముగించి వస్తాము. ఒంటి నిండా నల్ల మచ్చలు, నీలి కళ్ళు, మన అరచేతి వైపు బుసకొట్టే ధైర్యం. గుడ్డ సంచిలో తూచి, ఎదిగేకొద్దీ సాగే తేలికపాటి కాలర్ వేస్తాము. ఫొటోల కోసం అదనంగా ఒక్క నిమిషం కూడా ఉండనివ్వని నాయకుడి దగ్గర పని నేర్చుకోండి.

ప్రమాదం గురించి మీ ఇంట్లో వారు అడుగుతారు కనుక రాస్తున్నాను. పదకొండేళ్ళలో సింహం నా మీదికి రాలేదు. భయపడవలసినవి మంచు కప్పిన కొండ రోడ్లు, విరిగిపడే మంచుచరియలు, తక్కువ ఎత్తులో ఎగిరే చిన్న విమానాలు. వీటితో పాటు చాలామంది తలచుకోనిది కళేబరం. 2007లో గ్రాండ్ కాన్యన్ జాతీయ ఉద్యానవనంలో ఒక జీవశాస్త్రవేత్త చనిపోయిన సింహానికి శవపరీక్ష చేసి, దాని నుంచి ప్లేగు సోకి కొద్ది రోజులకే మరణించారు. తొడుగులు, ముక్కుకు మాస్కు లేకుండా కోత పెట్టవద్దని నేను పోరేది అందుకే. జ్వరం వస్తే వైద్యుడితో మొదట చెప్పవలసిన మాట, తాను ఏ జంతువు కళేబరాన్ని ముట్టుకున్నాడన్నది.

ఈ పనికి మీరు ఎలా సిద్ధపడాలి? గణాంకాలు, మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ మీ తరానికి ఎలాగూ వస్తాయి, వాటి గురించి నేను చెప్పనవసరం లేదు. మొదట్లో దొరికేవి నాలుగైదు నెలల కాలపు సహాయక ఉద్యోగాలు. వాటికి మంచులో గేర్ల బండి నడపడం, దిక్సూచితో కాగితపు పటం చూసి నడవడం, అడవిలో ప్రథమ చికిత్స అడుగుతారు. జాడ తీయడం మాత్రం ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. అటవీశాఖలో పనిచేసే చెంచు ట్రాకర్లతో నల్లమలలో ఒక నెల నడిచే అవకాశం దొరికితే వదలకండి. ఎండిన వాగు ఇసుకలో చిరుత పాదముద్ర నిన్నటిదా, ఇవాళ పొద్దుటిదా అని అంచు పొడిబారిన తీరును బట్టి చెప్పడం నాకు నేర్పినది ఒక చెంచు పెద్దాయన. ఐడహో మంచులో నాకు మొదటి రోజు నుంచి పనికొచ్చినది అదే. మంచులో అంచు పొడిబారడానికి బదులు గట్టిపడుతుంది, తేడా అంతే.

ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు, మీరు కూడా వారిని ఒక ప్రశ్న అడగండి: "సింహం వేట దగ్గర నుంచి కదిలాక మీ వాళ్ళు ఎంతసేపటికి అక్కడికి వెళతారు, అది కదిలిందని ఎలా నిర్ధారించుకుంటారు?" తడుముకోకుండా గంటల్లో జవాబు చెప్పి, కారణం కూడా చెప్పే బృందంలో చేరండి.